మునికుమార్ మాట రేపొస్తాది

తిరుపతిలో గంగమ్మ గుడికి పోయే దోవలో, మలుపు దగ్గర మునిరత్నమ్మ ఇడ్లీ బండి ఉంది. పొద్దున్నే ఆవిరి లేచే వేళకు జనం చేరతారు. కొండకు పోయేవాళ్ళు, కొండ దిగి గుండ్లతో వచ్చినవాళ్ళు, పూల మూటలు దించే ఆటోవాళ్ళు. మునిరత్నమ్మ చట్నీ వడ్డిస్తా ఉంటే కొడుకు మునికుమార్ పక్కన నిలబడి ప్లేట్లు అందిస్తా ఉంటాడు. అంతలో వాని భుజం దగ్గర్నుంచి ఒక గొంతు పలుకుతాది.

"రాండన్నా, ఈ పక్క కూసోండి. గుండు మింద ఎండ తగలదు ఈడ."

గొంతు మునికుమార్‌దే. కాని వాని నోరు ఆ పొద్దు ఇంకేదో మాటకు కదలాడతా ఉంటాది. ఇప్పుడు వినపడింది నిన్న ఇదే వేళకు, ఇదే చోట నిలబడి వాడన్న మాట. ఇప్పుడు అంటా ఉండేది రేపు వినపడతాది. కొందరికి నత్తి ఉంటాది, కొందరు ముక్కుతో మాట్లాడతారు, మునికుమార్ మాట ఒక దినం ఆలస్యంగా వస్తాది. దాన్ని గురించి ఆ వీధిలో ఎవురూ నిద్ర చెడగొట్టుకోలేదు. కొత్తవాళ్ళు తికమకపడితే మునిరత్నమ్మే చెప్తాది: "వానితో పనుంటే రేప్పొద్దున రా సామీ."

వాడు పుట్టినప్పుడు నర్సు రెండు తగిలించినా ఏడుపు లేదు. నోరు తెరిచి, ఎర్రగా కందిపోయి ఏడస్తానే ఉన్నాడు, శబ్దం మాత్రం సున్నా. మరుసటి దినం అదే వేళకు, అదే కాన్పు బల్ల మీద ఇంకొకామె ప్రసవమైంది. ఒక బిడ్డకు రెండేడుపులు వినపడేసరికి, కవలలేమో, రెండోది యాడన్నా జారిపోయిందేమోనని డాక్టరమ్మ బల్ల కింద గూడా చూసిందంట.

వాని నాయన చెంగల్రాయుడు కొండ బస్సులో కండక్టరు. ఆయన "రైట్" అని కేక పెడితే ఘాట్ రోడ్డులో కోతులు గూడా దారి ఇస్తాయి. అట్లాంటోని కడుపున ఇట్లాంటోడు పుట్టినాడే అని ఆయనకు దిగులు. మునిరత్నమ్మది వేరే దిగులు. బిడ్డ ఈపొద్దు ఆకలికి ఏడిస్తే ఏడుపు రేపొస్తాది. రేపు వాడు కడుపు నిండి హాయిగా నిద్రపోతా ఉంటే ఉయ్యాల్లో నుంచి నిన్నటి ఏడుపు లబలబా మొదలవతాది. ఏ ఏడుపుకు పాలియ్యాల?

పక్కవీధి జ్ఞానాంబవ్వ వచ్చి చూసి, నోట్లో వక్కాకు ఒక పక్కకు నెట్టి చెప్పింది. "ఏడిస్తే పాలిచ్చేది ఎవురైనా ఇస్తారు మ్మే. నువ్వు వాని మొగం సూడు. మొగానికి ఆలస్యం లేదు గదా."

నిజమే. వాని మాటే ఆలస్యం గాని నవ్వు మాత్రం సమయానికే వచ్చేది. మునిరత్నమ్మ ఆ మొగం చదవడం నేర్చుకునింది. పెదవి లాగితే ఆకలి, చెవి రుద్దుకుంటే నిద్ర, కనుబొమలు ముడేస్తే గుడ్డ మార్చాల. తల్లి అంత శ్రద్ధగా తన మొగం చూస్తా ఉంటే బిడ్డ గూడా తల్లి మొగమే చూసినాడు. నోటితో పని జరగదని వానికి అప్పుడే అర్థమైనట్టుంది. ఎవురు విసుక్కుంటా ఉండారో, ఎవురు ఏడుపు ఆపుకుంటా ఉండారో, పాకే వయసులోనే వానికి తెలిసిపోయేది.

అయితే తెలుసుకోవడం వేరే, మసులుకోవడం వేరే. అంగన్‌వాడీలో వేసినాక అది తేలింది. అక్కడ లోకేశ్వరి ఉండేది. జ్ఞానాంబవ్వ మనవరాలు, సరుకుల అంగడి కుప్పయ్య కూతురు. తల్లి చిన్నప్పుడే పోయింది. నాయన అంగట్లో బెల్లం గడ్డ నమలతా పెరిగిన పిల్ల, నోరూ చెయ్యీ రెండూ గట్టివి. ఒకనాడు బలపం కాడ ఇద్దరికీ కొట్లాట వచ్చింది. ఆ పిల్ల కొరికింది, వీడు తిట్టినాడు. మర్నాటికి ఇద్దరూ మర్చిపోయినారు. లోకేశ్వరి ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్క తెచ్చి వాని నోట్లో పెట్టింది. వాడు పుల్లగా కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడు నిన్నటి తిట్టు దిగింది.

"పోవే కోతిమూతిదానా! నీ మొగం నాకు సూపొద్దు!"

లోకేశ్వరి వాని నోట్లోని ముక్కను వేలు పెట్టి బయటికి లాక్కునింది. పైగా ఒక మొట్టికాయ. పాపం, తిట్టింది నిన్నటి మునికుమారైనా, మొట్టికాయ తినింది మాత్రం ఈపొద్దుటి మునికుమారే.

ఇట్లాంటివి నాలుగైనాక వానికి ఒక సంగతి తట్టింది. కోపంలో నోరు తెరిస్తే ఆ కోపం రేపు ఎవురి మీద పడతాదో తెలీదు. రేపు ఆ మనిషి నీకు మామిడికాయ తెచ్చి పెడతా ఉండొచ్చు. అప్పట్నుంచి కోపం వస్తే వాడు దవడ బిగించుకుని పక్క వీధికి పోయి వచ్చేవాడు.

బడిలో యోగానంద సార్ హాజరు పిలిచేవాడు. మునికుమార్ ఈపొద్దు అన్న "ఉన్నా సార్" రేపటికి పనికొచ్చేది. వాడు ఎగ్గొట్టి సినిమాకు పోయిన నాడు గూడా ఖాళీ బెంచీ "ఉన్నా సార్" అనేది. సార్ తలెత్తకుండానే రాసుకునేవాడు. సినిమాకు పోయిన మర్నాడు మాత్రం వాడు ఎదురుగా కూసోని ఉన్నా బెంచీ పలికేది కాదు. సార్ కళ్ళద్దాల మీద నుంచి చూసి, "నిన్న యాడికి పోయినావు రా?" అనేవాడు. మోసం గూడా ఒక దినం ఆలస్యంగానే దొరికిపోయేది.

మీసాలు మొలిచే వయసులో వాడు అసలు నోరే తెరవలేదు. చెంగల్రాయుడు బెంగపడి జ్ఞానాంబవ్వతో చెప్పుకుంటే ఆమె కొట్టిపారేసింది. "ఆ వయసులో మగపిల్లోల్లంతా అంతే లే అబ్బా. మా కుప్పయ్య అప్పుడు మూసిన నోరు ఇంతవరకూ తెరవలేదు, లాభం మాట తప్ప."

తర్వాత ఎవురూ నేర్పకుండానే మునికుమార్ ముందుదినమే మాట్లాడడం మొదలుపెట్టినాడు. రేపు శనివారం, గుండ్లవాళ్ళు ఎక్కువొస్తారు, వాళ్ళకు నీడ చూపించాల. రేపు ఆటో శీనన్న కూతురికి పరీక్షా ఫలితాలొస్తాయి, పాసైతే ఏమనాల, పోతే ఏమనాల, రెంటికీ సరిపోయే మాట ఏముంటాది? ఇట్లా ఆలోచించి ఆలోచించి, పొద్దున బండి కాడ నిలబడి రేపటికి మాట విత్తేవాడు. ఎవురికి ఏం కావాలో ఒక దినం ముందే ఆలోచించేవాడు గాబట్టి వాని మాట చాలావరకు సరిగ్గానే తగిలేది. "శీనన్నా, పాప మొగం ముందు సూడు, మార్కులు తర్వాత సూడు" అన్నాడొకసారి. ఆ పాప తప్పింది. శీనన్న ప్లేటు పక్కన పెట్టి ఇంటికి పరిగెత్తినాడు.

తప్పులు రాలేదని కాదు. జ్ఞానాంబవ్వకు జ్వరం ముదిరి, రేపటికి కష్టమని డాక్టరు పెదవి విరిచిన నాడు మునికుమార్ పోయి మంచం పక్కన నిలబడినాడు. రేపు ఆ ఇంట్లో ఏడ్చేవాళ్ళకు పనికొచ్చే మాటలు నిదానంగా పెదవులతో అని, దండం పెట్టి వచ్చినాడు. మర్నాడు అదే వేళకు అవ్వ లేచి కూసోని రాగిజావ తాగతా ఉంది. చుట్టూ చుట్టాలు. మంచం పక్కన గొంతు మొదలైంది.

"ఏడ్వొద్దు మామా. బంగారం లాంటి మనిషి. ఎవురికీ కష్టం ఇయ్యకుండా పోయింది."

"ఎవురబ్బా పోయింది?" అనింది అవ్వ, మూతి తుడుచుకుంటా.

కుప్పయ్య పొరక తీసుకుని వాని కోసం వీధి వీధంతా వెతికినాడు. అవ్వే కొడుకును పిలిచి అడ్డం పడింది. "సావు కబురు తప్పుగా వస్తే ఆయుస్సు పెరుగుతాదిరా పిచ్చోడా. వాన్ని దినామూ వచ్చి ఒకసారి సెప్పి పొమ్మను."

లోకేశ్వరి నవ్వాపుకోలేక ఉప్పు బస్తా మీద పడిపోయింది ఆపొద్దే. ఆమె అప్పటికి బి.కాం ముగించి నాయన అంగడి చూసుకుంటా ఉంది. మునికుమార్ వైరింగ్ పనికి పోతా ఉన్నాడు. పొద్దుగూకే వేళ వాడు అంగడి ముందు మెట్టు కాడ నిలబడి ఏదో అనేవాడు, మర్నాడు అదే వేళకు ఆమె ఆ మెట్టు మీద కూసోని వినేది. ఫోన్లో మెసేజులు పెట్టుకోవచ్చు, పెట్టుకునేవాళ్ళు గూడా. కాని మెసేజీలో వాని గొంతు ఉండదు గదా. పైగా, తాను చెప్పేది పూర్తిగా విని, నడుమ నోరు పెట్టని మగవాడు ఆ వీధిలో వాడొక్కడే అని లోకేశ్వరి లెక్క. పెండ్లంటూ చేసుకుంటే మునికుమార్‌నే అని ఆమె నాయనతో తెగేసి చెప్పింది.

"జాతర కానీ, సూద్దాం" అన్నాడు కుప్పయ్య. కుప్పయ్య 'సూద్దాం' అన్నాడంటే సగం ఒప్పుకున్నట్టే. మిగతా సగం జాతరలో చెడింది.

గంగమ్మ జాతరకు వేషం కట్టడం, తిట్టడం తిరుపతి వాళ్ళకు మొక్కుబడి. బండ వేషం నాడు ఒళ్ళంతా కుంకుమ, తోటి వేషం నాడు ఒళ్ళంతా బొగ్గు, మెడలో వేపమండలు. ఎదురైనవాణ్ణల్లా నోటికొచ్చినట్టు తిడతా పోతారు. ఎవురికీ కోపం రాదు. తిట్టించుకున్నోడికి పీడ పోతాదని నమ్మకం. ఆ మర్నాడు దొర వేషం. ఒళ్ళంతా చల్లని గంధం. ఇంక ఒక్క తిట్టు వినపడకూడదు.

మునికుమార్ తెలివైనోడు, ఏటా బండ వేషమే కట్టేవాడు. ఆపొద్దు తిట్టింది మర్నాడు తోటి వేషం నాడు వినపడేది, ఎవురికీ ఇబ్బంది లేదు. ఈ ఏడు బండ వేషం నాడు వానికి పని తగిలింది. జాతర వీధులకు సీరియల్ బల్బులు కట్టాల. నిచ్చెన దిగేసరికి దినం గడిచిపోయింది. మొక్కు ఎగ్గొడితే అమ్మ ఊరుకుంటాదా? మర్నాడు బొగ్గు పూసుకుని తోటి వేషం కట్టేసినాడు. పలకల మోత, స్నేహితుల కేకలు. ఏడాదంతా దవడ బిగించుకుని తిరిగే మనిషి, ఆ ఒక్కనాడు దవడ వదిలినాడు. రేపనేది ఒకటుందని మర్చేపోయినాడు.

మిట్టమధ్యాన్నం కుప్పయ్య అంగడి మెట్టు మీదెక్కి, చేతులు తిప్పతా, వేపమండలు ఊపతా, పెదవులతోనే చీల్చి చెండాడినాడు. కుప్పయ్య నవ్వి, "తిట్టు నాయనా తిట్టు, నా పీడ పోవాల" అని గ్లాసుడు పానకం గూడా ఇచ్చినాడు.

మర్నాడు దొర వేషం. జాతర చూసే నెపంతో గూడూరు నుంచి నిమ్మకాయల వ్యాపారం చేసేవాళ్ళు కుప్పయ్య ఇంటికి వచ్చినారు. వాళ్ళబ్బాయి ప్రతాప్ గూడా వచ్చినాడు. ఎవురో చెప్పి పంపినారు, పిల్లను చూసినట్టూ ఉంటాదని. వద్దనడానికి కుప్పయ్యకు మొహమాటం. అంగడి ముందే కుర్చీలు వేసి, తాను గుండెల మీద గంధం పూసుకుని, పెద్దమనిషి మాదిరి కూసున్నాడు. మిట్టమధ్యాన్నమైంది.

"ఒరే కుప్పయ్యా! పిసినారి నాయాలా!" అనింది మెట్టు.

గూడూరాయన చేతిలో మజ్జిగ గ్లాసు ఆగిపోయింది.

"నెయ్యిలో ఈగ పడితే ఆ ఈగను పిండి పారేసే నాయాలా! నీ కందిబేడల్లో రాళ్ళేరి జనం ఇండ్లు కట్టుకుంటా ఉండారు గదరా! నీ అంగట్లో ఎలకలు గూడా ఏకాదశి ఉంటాయి గదరా!"

ఆ తర్వాత వచ్చినవి అచ్చు వేసేవి కావు. ప్రతాప్ తల్లి చెవులు మూసుకునింది. ప్రతాప్ మూసుకోలేదు, పైగా ముందుకు వంగి విన్నాడు. లోపల లోకేశ్వరి పప్పు డబ్బాల వెనక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊగిపోతా ఉంది. బొగ్గు కడుక్కుని, తెల్లచొక్కా వేసుకుని, అంతలో గుర్తొచ్చి పరిగెత్తుకుంటా వచ్చిన మునికుమార్ వీధి మధ్యలో కొయ్యబారి నిలబడినాడు. తన నోటిని తానే రెండు చేతులతో మూసుకున్నాడు. నిన్నటి నోటికి మూతెట్లా పడతాది?

"మీ వీధిలో మర్యాదలు ఇట్లా ఉంటాయా అప్పా?" అని గూడూరాయన లేచినాడు.

వాళ్ళు పోయినాక కుప్పయ్య ఒక్క మాటే అన్నాడు. "ఆ మునిగానికి నా బిడ్డనిస్తే నేను కుప్పయ్యనే కాను."

ఆ సంబంధం తప్పినందుకు లోకేశ్వరికి సంతోషమే. కాని నాయన మాట అంటే మాటే. అది తెలిసి ఆమె రెండు పూటలు అన్నం తినలేదు. మునికుమార్‌కైతే లోకం చీకటైపోయింది. ఆమె తప్ప వానికి ఇంకొకరు లేరు, ఉండబోరు. అది వానికి రూఢిగా తెలుసు.

ఇంక దినామూ మిట్టమధ్యాన్నం వాడు అంగడి ముందు నిలబడేవాడు. మెట్టెక్కనీలేదు కుప్పయ్య. వీధి ఎవురబ్బ సొత్తూ కాదు గాబట్టి వీధిలో నిలబడి పెదవులు కదిపేవాడు. మర్నాడు వాడు పెదవులు కదుపుతా ఉంటే నిన్నటి మాటలు వినపడేవి. "మామా, తప్పైపోయింది. అవి వేషం తిట్లు మామా..." కుప్పయ్య టీవీ గొంతు పెంచేవాడు. అంగట్లో భక్తి పాటలు, వార్తలు, ఎరువుల ప్రకటనలు హోరెత్తిపోయేవి. బేరానికొచ్చినవాళ్ళు బియ్యం అడిగితే బెల్లం తూచినాడు. మునికుమార్‌ను ఫోన్లో రాసి పంపమన్నారు ఎవురో. "వద్దు. రాసి పంపితే అర్జీ అవతాది గాని పశ్చాత్తాపం కాదు" అని మర్నాడు వాని జవాబు వినపడింది.

ఆ దినాల్లోనే జ్ఞానాంబవ్వకు పొద్దున పూట ఆకలి పోయింది. కుప్పయ్య సంగటి ముద్ద తెచ్చి పెడితే, "ఏమోరా, కడుపు నిండినట్టుండాది" అనేది. ఈ గొడవలతో తల్లి చిక్కిపోతా ఉందని కుప్పయ్యకు ఇంకొక దిగులు.

ఒకనాడు మునికుమార్‌కు చంద్రగిరిలో వైరింగ్ పని. వీధి ఖాళీగా ఉంది. మధ్యాన్నం కావస్తా ఉండగానే కుప్పయ్య అలవాటు ప్రకారం టీవీ పెంచినాడు. టీవీ ఠక్కున ఆగిపోయింది.

"కరెంటు పోయింది నాయనా" అనింది లోకేశ్వరి లోపల్నుంచి. ఆమె చేతిలో ఫ్యూజు ఉంది.

వీధిలో నుంచి గొంతు వచ్చింది.

"మామా, ఈపొద్దు నేను ఏమీ సెప్పను. దినామూ నేనే వాగతా ఉండా, నువ్వు నన్ను తిట్టనే లేదు. అది కడుపులో ఉంటే మంచిది కాదు మామా. తిట్టు. నేను నడుమ రాను."

గొంతు ఆగింది. వీధిలో ఎవురూ లేరు. కుప్పయ్య అటూ ఇటూ చూసి, లేచి నిలబడినాడు. ఇంక మొదలుపెట్టినాడు. గూడూరు సంబంధం, గంధం పూసుకున్న పూట పోయిన పరువు, పొరక, ఉప్పు బస్తా, చిన్నప్పుడు కూతురి బలపం విరిచింది, అన్నీ బయటికొచ్చినాయి. తర్వాత వానికి సంబంధం లేనివి గూడా వచ్చినాయి. భార్య పోయిన ఏడు, పసిబిడ్డను తక్కెట పక్కన గోనెసంచి మీద పడుకోబెట్టుకుని బేరం చేసింది, పిసినారి అన్నవాడెవడూ ఆ బిడ్డకు జ్వరమొస్తే ఒక్క రాత్రి మేలుకోనిది. వీధి గాలితో అంతా చెప్పుకున్నాడు. గొంతు బొంగురుపోయి, దగ్గొచ్చి, కుర్చీలో కూలబడినాడు.

"అయిపోయిందా మామా?" అనింది గొంతు. "నీళ్ళు తాగు."

కుప్పయ్య చెంబెత్తి గడగడా తాగినాడు. చెంబు దించేదాకా గొంతు ఆగింది.

"అన్నం తింటివా మామా?"

అంగడికి వచ్చిన ప్రతివాడూ అది ఉందా, ఇది ఉందా అని అడిగినవాడే. కుప్పయ్య తిన్నాడా లేదా అని అడిగినవాడు, భార్య పోయినాక, ఒక్కడు లేడు. ఆయన కండువాతో మొగం తుడుచుకున్నాడు. మొగం అంతా తుడుచుకుని, మళ్ళీ కళ్ళు మాత్రం ఇంకొకసారి తుడుచుకున్నాడు.

"లేదప్పా" అన్నాడు, ఖాళీ వీధితో.

మర్నాటి పొద్దున మునిరత్నమ్మ బండి ముందు జనం ప్లేట్ల మీద నుంచి తలలెత్తినారు. కుప్పయ్య వస్తా ఉన్నాడు. ఆ మనిషి డబ్బులిచ్చి బయట తిన్నది ఎవురూ చూసి ఎరగరు. వచ్చి, బల్ల మీద చివర కూసోని, ఎవురి మొగమూ చూడకుండా ఉన్నాడు. మునికుమార్ తుడిచిన ప్లేటే మళ్ళీ తుడస్తా ఉన్నాడు. ఏం అనాల? ఇప్పుడు ఏమన్నా రేపు గదా వినపడేది.

అప్పుడు వాని భుజం దగ్గర నిన్నటి గొంతు పలికింది.

"అమ్మా, మామకు రెండు ఇడ్లీ ఎయ్. కారంపొడి ఎక్కువ తగిలించు."

మునిరత్నమ్మ ఏమీ తడబడకుండా రెండు ఇడ్లీలు వేసి, కారంపొడి మీద నెయ్యి జారవిడిచి అందించింది. కుప్పయ్య ముక్క తుంచి నోట్లో పెట్టుకోబోయి ఆగినాడు.

"నేనొస్తానని నిన్ననే ఎట్ల తెలుసురా నీకు?"

మునికుమార్ పెదవులు కదిలినాయి. ఏమీ వినపడలేదు. పక్కనే ఉన్న ఆటో శీనన్న, "రేపు రావాల్సిందే మామా, తప్పదు" అన్నాడు.

కుప్పయ్య మర్నాడు ఆవిరి లేవకముందే వచ్చి కూసున్నాడు. ప్లేటు చేతికొచ్చినా తినలేదు, చెవి పెట్టుకుని ఉన్నాడు. సమయానికి గొంతు వచ్చింది.

"తెలీదు మామా. దినామూ సెప్తానే ఉండినా."

కుప్పయ్య మునిరత్నమ్మ వైపు చూసినాడు.

"ఔనన్నా" అనిందామె గరిటె తిప్పతా. "జాతర అయినకాడ్నుంచి దినామూ వానిదదే మాట. మొన్నటిదాకా నువ్వు రాలేదు గదా, ఆ రెండూ పారేయలేక జ్ఞానాంబవ్వకు పంపిస్తా ఉంటి."

కుప్పయ్యకు ఒక క్షణం పట్టింది. తర్వాత భుజాలు కదిలినాయి, కడుపు కదిలింది, నోట్లో ఇడ్లీ పొలమారింది. ఆ మనిషి అంత గట్టిగా నవ్వగలడని వీధికి అప్పుడే తెలిసింది. మునికుమార్ పరిగెత్తి నీళ్ళిచ్చి, వీపు నిమిరినాడు.

"దొంగ ముసిల్ది! అదన్న మాట దినామూ కడుపు నిండినట్టుండేది!" అని కళ్ళు తుడుచుకున్నాడు కుప్పయ్య. ఖాళీ ప్లేటు మునికుమార్ చేతికి అందించి లేచినాడు. నాలుగడుగులు పోయి, వెనక్కి తిరిగినాడు.

"రేపటికి నాలుగు సెప్పు అల్లుడా. మా యమ్మకు రెండు, నాకు రెండు."